చేతిలోని వేదిక

దుకాణానికి వెళ్లి సెల్‌ఫోను కొనేవారు ముందుగా పరిశీలించేవి తెర వెడల్పు, కెమెరా నాణ్యత, ధర. ఈ మూడూ కంటికి కనిపించేవి. ఫోను ఇంటికి వచ్చిన మరునాటి నుంచి దానితో సాగే వ్యవహారాన్నంతటినీ నడిపేది మాత్రం కంటికి కనిపించని నాలుగవ అంశం. అదే నిర్వహణ వ్యవస్థ; జనవ్యవహారంలో ఆపరేటింగ్ సిస్టమ్. వేలు తెరమీద ఏ అక్షరాన్ని తాకిందో గుర్తించడం, ఏ పనికి ఎంత బ్యాటరీ వెచ్చించాలో నిర్ణయించడం, ఒక యాప్ మరొక యాప్ సమాచారంలోకి తొంగిచూడకుండా కాపలా కాయడం దాని బాధ్యతలు. ఈ వ్యవస్థ, దానిపై నిలిచే యాప్‌లు, వాటిని అందించే అంగడి, ఆ అంగడి నియమాలు అన్నీ కలిస్తే ప్లాట్‌ఫాం, అంటే వేదిక అవుతుంది. పద్యానికి ఛందస్సు ఎటువంటిదో ఫోనుకు వేదిక అటువంటిది. చదువరి దృష్టి భావం మీదనే నిలుస్తుంది. కాని ఆ భావం ఎంత నిడివిలో, ఏ నడకలో ఒదగాలో ఛందస్సు ముందే నిర్ణయించి ఉంటుంది.

నేడు ప్రపంచంలో ఈ వేదికలు ప్రధానంగా రెండే. ఒకటి గూగుల్ సంస్థ ఆధ్వర్యంలోని ఆండ్రాయిడ్, రెండవది ఆపిల్ సంస్థ తన ఐఫోన్లకు మాత్రమే వాడుకొనే ఐఓఎస్. ప్రపంచంలోని ప్రతి పది స్మార్ట్‌ఫోన్లలో సుమారు ఏడు ఆండ్రాయిడ్‌వి. మిగిలినవాటిలో దాదాపు అన్నీ ఐఫోన్లే. భారతదేశంలో ఆండ్రాయిడ్ వాటా పదింట తొమ్మిదికి పైనే. అయితే 2006 నాటికి ఈ రెండింటిలో ఒక్కటీ బజారులో లేదు. అప్పుడు రాజ్యమేలుతున్న వేదికలు పదేళ్లు తిరగకముందే కూలిపోయాయి. వాటిని తయారుచేసినవారికి తెలివి తక్కువై కాదు, ధనం చాలక కాదు. వినియోగదారులు ఫోను నుంచి ఏమి ఆశిస్తున్నారన్నది మారిపోగా, ఆ మార్పును వారు ఆలస్యంగా గ్రహించారు.

తొలినాళ్ల ఆశలు చాలా సామాన్యమైనవి. మాట స్పష్టంగా వినిపించాలి, బ్యాటరీ రెండు మూడు రోజులు నిలవాలి, చేయిజారి కిందపడినా పగలకూడదు. పత్రికలు ‘చరవాణి’ అని ఎంత చక్కని పేరు పెట్టినా జనం నోట ‘సెల్లు’ అనే నిలిచిన రోజులవి. 2003లో వచ్చిన నోకియా 1100 ఈ ఆశలకు సరిగ్గా సరిపోయింది. దుమ్ము చొరబడని మీటల పలక, చేతిలో జారని వెనుకభాగం, పైన చిన్న టార్చిలైటు దాని ప్రత్యేకతలు. కరెంటు పోయే ఊళ్లలో ఆ టార్చి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఫోన్లు ప్రపంచవ్యాప్తంగా ఇరవై ఐదు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. దాని లోపల ఏ వ్యవస్థ ఉన్నదని అడిగినవారు లేరు. అడగవలసిన అవసరమూ లేదు. తయారీదారులు ఊహించని వాడుకలను జనమే కల్పించుకొన్నారు. ఒకసారి మోగించి ఆపివేసే ‘మిస్డ్ కాల్’ పైసా ఖర్చులేని సంకేతభాషగా స్థిరపడింది. సందేశాలలో తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాలలో సాగాయి. ఆ లోటును అప్పట్లో లోటుగా భావించినవారూ తక్కువే. ఫోనులో తెలుగు అక్షరం కనిపించగలదన్న ఊహే లేనప్పుడు అది కావాలన్న కోరిక ఎలా పుడుతుంది?

వేదిక అన్న మాటకు అర్థం ఏర్పడినది స్మార్ట్‌ఫోన్లతో. 1998లో సైయాన్, నోకియా, ఎరిక్‌సన్, మోటరోలా సంస్థలు కలిసి సింబియన్ అనే ఉమ్మడి సంస్థను స్థాపించాయి. తక్కువ జ్ఞాపకశక్తితో, తక్కువ బ్యాటరీతో పనిచేయడం సింబియన్ వ్యవస్థకున్న గొప్పతనం. దానికోసం ప్రోగ్రాములు రాయడం మాత్రం కష్టసాధ్యంగా ఉండేది. కెనడాకు చెందిన బ్లాక్‌బెర్రీ మరొక మార్గంలో నడిచింది. చిన్న మీటలతో పూర్తి కీబోర్డు, ఈ-మెయిల్ వచ్చిన క్షణాన చేతిలో మోగడం, సందేశాలు ఇతరులకు అందని రహస్యసంకేత రూపంలో ప్రయాణించడం దాని బలాలు. ఆ రహస్యం ఎంత గట్టిదంటే, 2010లో భారత ప్రభుత్వం తనకు ఆ సందేశాలను పరిశీలించే వీలు కల్పించకపోతే సేవలను నిలిపివేస్తానని హెచ్చరించవలసి వచ్చింది. అధికారులకు, వ్యాపారులకు బ్లాక్‌బెర్రీ మీద ఉన్న మక్కువ సామాన్యమైనది కాదు. ఆ మక్కువే సంస్థకు శత్రువైంది. ఉన్న ఖాతాదారులను అడిగితే వారు మరింత మంచి మీటలు కావాలన్నారు. మీటలే లేని ఫోను కావాలని వారిలో ఎవరూ అడగలేదు.

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ప్రదర్శించిన తొలి ఐఫోను అటువంటిదే. గుణగణాల పట్టిక పక్కన పెట్టి చూస్తే అది నాటి ఖరీదైన నోకియా ఫోన్లకు తీసికట్టే. దానిలో 3జీ లేదు. ఒకచోటి వాక్యాన్ని కత్తిరించి మరొకచోట అతికించే సౌకర్యం లేదు. అది 2009లో గాని రాలేదు. బయటివారు తయారుచేసిన యాప్‌లకు ప్రవేశమే లేదు. అయినా అది నిలిచింది. వేలితో తాకితే వెంటనే కదిలే తెర, కంప్యూటరులో కనిపించినట్లే నిండుగా కనిపించే వెబ్ పేజీలు చూసినవారికి పాత ఫోన్లు ఒక్కసారిగా మోటుగా తోచాయి. అంతకంటే పెద్ద మార్పు 2008 జులైలో జరిగింది. ఐదువందల యాప్‌లతో ఆపిల్ తన ‘యాప్ స్టోర్’ను తెరిచింది. ఎక్కడో ఒక గదిలో కూర్చున్న యువకుడు రాసిన ప్రోగ్రాము ప్రపంచమంతటా అమ్ముడుపోవడానికి అది దారి చేసింది. అమ్మకపు సొమ్ములో నూటికి ముప్పై ఆపిల్‌కు చెందాలన్నది అప్పటి నియమం. ప్రతి యాప్‌నూ సంస్థ పరీక్షించిన తరువాతనే లోపలికి అనుమతిస్తుంది. ఫోను, దాని వ్యవస్థ, దాని అంగడి ఒకే చేతిలో ఉండాలన్నది ఆపిల్ సిద్ధాంతం.

ఆండ్రాయిడ్ పుట్టుక వేరు. 2003లో చిన్న సంస్థగా మొదలైన దానిని 2005లో గూగుల్ కొనుగోలు చేసింది. 2007 నవంబరులో ముప్పై నాలుగు సంస్థలతో ఒక కూటమిని ప్రకటించి, లినక్స్ పునాదిపై కట్టిన ఈ వ్యవస్థను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని చాటింది. మొదటి ఆండ్రాయిడ్ ఫోను 2008లో వెలువడింది. వ్యవస్థ ఉచితం కావడంతో చిన్న తయారీదారులు కూడా స్మార్ట్‌ఫోన్లు చేయగలిగారు, ధరలు దిగివచ్చాయి. తెలుగు సాహిత్య విద్యార్థికి ఇక్కడ మార్గ, దేశి కవితాసంప్రదాయాలు గుర్తుకు రావడం సహజం. పాల్కురికి సోమన జనసామాన్యానికి చేరువ కావాలని ద్విపదను చేపట్టాడు. అందరికీ అందడం అనే ఆశయమే ఆండ్రాయిడ్‌ను ఊరూరికీ చేర్చింది. ఈ పోలిక ఇంతవరకే చెల్లుతుంది. సోమనకు లాభాపేక్ష లేదు. గూగుల్ ఆదాయం ప్రధానంగా ప్రకటనల నుంచి వస్తుంది. ఫోను ఎంతమంది చేతికి చేరితే దాని వెదుకులాట యంత్రం, వీడియోలు, పటాలు అంతమందికి చేరుతాయి. తన యాప్‌లన్నింటినీ కలిపి ముందుగానే ఫోనులో ఉంచాలని తయారీదారులను కట్టడి చేసినందుకు భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో ఆ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఉచితంగా ఇచ్చే వేదికకు కూడా ఒక ధర ఉంటుందన్న సంగతి ఆ ఉత్తర్వు వల్ల చాలామందికి తెలిసివచ్చింది.

ఈ రెండింటి నడుమ మూడవ వేదికకు చోటు ఉండవచ్చునని మైక్రోసాఫ్ట్ నమ్మింది. 2010లో వచ్చిన విండోస్ ఫోన్ వ్యవస్థ చూడముచ్చటైనది. పెద్ద పెద్ద పలకల వంటి బొమ్మలతో దాని తెర మిగిలినవాటికి భిన్నంగా ఉండేది. తక్కువ ధర ఫోన్లలోనూ చురుకుగా పనిచేసేది. 2011లో నోకియా తన సింబియన్‌ను విడిచి ఈ వ్యవస్థను స్వీకరించింది. విమర్శకులు మెచ్చుకొన్నారు. కొన్నవారు మాత్రం స్నేహితుల ఫోన్లలో ఉన్న యాప్‌లు తమ ఫోనులో లేవని త్వరలోనే గ్రహించారు. ఇన్‌స్టాగ్రామ్ అంతటిది ఈ వేదికకు 2013 నవంబరులో గాని రాలేదు. అది కూడా ప్రయోగాత్మక రూపంలో. యాప్‌లు లేనందున జనం రాలేదు, జనం లేనందున యాప్‌లు తయారుకాలేదు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదన్న తెలుగు సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ వ్యాపార చరిత్రలో అరుదు.

హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. నోకియా ఫోన్ల విభాగం కొనుగోలు ఒప్పందం అప్పటికే కుదిరింది. ఏప్రిల్‌లో అది పూర్తయింది. ఆ కొనుగోలు గురించి సంస్థలోని ప్రముఖుల అభిప్రాయం అడిగినప్పుడు తాను వద్దనే చెప్పినట్లు నాదెళ్ల 2017లో వెలువడిన ‘హిట్ రిఫ్రెష్’ గ్రంథంలో వెల్లడించారు. 2015 జులైలో సుమారు 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసివేసి, వేలాది ఉద్యోగులను తొలగించి, సంస్థ ఆ దారి నుంచి క్రమంగా వైదొలగింది. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలైన నోకియా కర్మాగారం కొనుగోలులో భాగం కాకుండా మిగిలి, 2014లో మూతపడింది. ఆ ప్రాంగణాన్ని తరువాత సొంతం చేసుకొన్నది ఐఫోన్లకు ఛార్జర్లు సరఫరా చేసే సంస్థ కావడం విధివిలాసం.

యాప్‌ల కోసం జనం వేదికను ఎంచుకొన్నారన్నది నిజమే. యాప్‌లు విస్తరించిన కొద్దీ మరొక ఆశ ముందుకు వచ్చింది. అది రక్షణ. ఈ విషయంలో తెలుగు ప్రాంతానికి చేదు అనుభవం ఉన్నది. కరోనా వల్ల ఉపాధి కోల్పోయినవారికి 2020లో క్షణాలలో అప్పు ఇస్తామంటూ అనేక యాప్‌లు ఎదురువచ్చాయి. జామీను అక్కరలేదు, సంతకం అక్కరలేదు. ఫోనులోని పరిచయస్తుల పేర్లు, ఫొటోలు చూడడానికి అనుమతి ఇస్తే చాలునన్నాయి. ఆ అనుమతే ఉరితాడైంది. వాయిదా తప్పినవారి బంధువులకు, సహోద్యోగులకు అసభ్య సందేశాలు వెళ్లాయి. అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు దాడులు జరిపి పలువురిని అరెస్టు చేశారు. 2021 జనవరిలో గూగుల్ తన అంగడిలోని అప్పుల యాప్‌లను పరిశీలించి నియమాలను ఉల్లంఘించినవాటిని తొలగించింది. అటువంటి యాప్‌లు ఫోనులోని ఫొటోలను, పరిచయస్తుల వివరాలను అసలు అడగనేకూడదన్న నిబంధన 2023లో వచ్చింది. ఈ నిబంధన రెండేళ్లు ముందు వచ్చి ఉంటే ఎందరికో మేలు జరిగేది. అంగడి నడిపేవారిది సరుకు అమ్ముకోనిచ్చే పాత్ర మాత్రమేనా, సరుకును పరీక్షించే బాధ్యత కూడానా అన్న వాదం ఇటువంటి సంఘటనల ముందు నిలవదు.

ఆపిల్ తన అంగడి గట్టి కాపలాను ఎప్పుడూ గొప్పగా చెప్పుకొంటుంది. 2021లో అది మరొక అడుగు వేసి, ఇతర యాప్‌లలో, వెబ్ సైట్లలో ఒక వ్యక్తి కదలికలను గమనించదలచిన యాప్ ముందుగా ఆ వ్యక్తి అనుమతి అడగాలని నియమం పెట్టింది. అయితే కాపలాదారుడు తలుపు దగ్గర సుంకం కూడా వసూలు చేస్తున్నప్పుడు, తలుపు మూసినది రక్షణ కోసమా, సుంకం కోసమా అని అనుమానించేవారు ఉంటారు. ఐరోపా సమాజం చేసిన చట్టం కారణంగా 2024 మార్చి నుంచి అక్కడి ఐఫోన్లలో ఇతరుల అంగళ్లను కూడా ఆపిల్ అనుమతించవలసి వచ్చింది. వినియోగదారుడి ఆశలోనే ఇక్కడ ఒక వైరుధ్యం ఉన్నది. తన ఫోనులో తనకు నచ్చినది పెట్టుకొనే స్వేచ్ఛ కావాలి. ఎవరో పంపిన లింకు నొక్కి మోసపోకుండా ఎవరో ఒకరు ఆపాలి. 2016లో యూపీఐ చెల్లింపులు మొదలై ఫోను డబ్బుసంచిగా మారినప్పటి నుంచి రెండవ కోరికకే మొగ్గు ఎక్కువైంది.

మన్నిక గురించిన ఆశ కూడా రూపం మార్చుకొంది. నోకియా కాలంలో మన్నిక అంటే కిందపడి పగలకపోవడం. నేడు ఫోను పగలకపోయినా పాతబడుతుంది. లోపలి వ్యవస్థకు కొత్త మరమ్మతులు రావడం ఆగిపోతే, ఏదో ఒకనాడు బ్యాంకు యాప్ ఈ ఫోనులో పనిచేయనంటుంది. చాలాకాలం ఈ విషయంలో ఐఫోనుదే పైచేయి. అనేక ఆండ్రాయిడ్ ఫోన్లకు రెండేళ్ల తరువాత దిక్కులేకుండా పోయేది. ఒకే ఆండ్రాయిడ్‌ను వందల తయారీదారులు తమ ఇష్టం వచ్చినట్లు మార్చుకోవడం దీనికి కారణం. 2023లో గూగుల్ తన పిక్సెల్ 8కి, 2024లో శాంసంగ్ తన గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లపాటు మరమ్మతులు అందిస్తామని మాట ఇచ్చాయి. తక్కువ ధర ఫోన్లకు ఆ భాగ్యం ఇంకా పట్టలేదు. ఐఫోను కథ కూడా మచ్చలేనిది కాదు. బ్యాటరీ బలహీనపడిన పాత ఫోన్ల వేగాన్ని తామే తగ్గిస్తున్నామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకొన్నది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకే అలా చేశామన్నది దాని వివరణ. కారణం సమంజసమే కావచ్చు. ఎవరికీ చెప్పకుండా చేయడమే జనానికి కోపం తెప్పించింది. మరుసటి ఏడాది బ్యాటరీలను తగ్గింపు ధరకు మార్చి ఇచ్చారు.

ఒక దేశంలో ప్రాణంతో సమానమైన ఆశ మరొక దేశంలో లెక్కలోకే రాకపోవచ్చు. అమెరికాలో ఐఫోను నుంచి ఐఫోనుకు వెళ్లే సందేశం నీలిరంగు గడిలో, ఆండ్రాయిడ్ నుంచి వచ్చే సందేశం ఆకుపచ్చ గడిలో కనిపిస్తుంది. ఆకుపచ్చ గడి కనిపించడం అక్కడి విద్యార్థులలో ఒక విధమైన వెలిగా మారింది. 2024లో ఆపిల్ ఉభయులకు చెల్లే కొత్త పద్ధతిని స్వీకరించినా రంగులు అలాగే ఉన్నాయి. తెలుగువారికి ఈ గొడవ అర్థం కావడం కష్టం. ఇక్కడ పెళ్లిపిలుపు నుంచి పరీక్ష ఫలితం వరకు అంతా వాట్సాప్‌లోనే నడుస్తుంది. దానికి రెండు వేదికలూ ఒకటే. ఇటువైపు ఆశలు ఎలా ఉంటాయో 2017లో వచ్చిన జియోఫోను తెలియజేసింది. పదిహేనువందల రూపాయల డిపాజిట్టుతో ఇచ్చిన ఆ మీటల ఫోను కైఓఎస్ అనే వేరే వేదికపై నడిచేది. పాటలు, సినిమాలు, వాట్సాప్ ఉంటే చాలునన్నవారికి అది సరిపోయింది.

ఇక భాష. తెలుగు విద్యార్థి ప్రత్యేకంగా తెలుసుకోవలసిన భాగం ఇదే. ప్రపంచ భాషల లిపులకు సంఖ్యాసంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991లో వచ్చిన తొలి కూర్పులోనే చేరింది. తెలుగుకు 128 స్థానాలు ఇచ్చారు. స్థానం ఇచ్చినంత మాత్రాన అక్షరం తెరమీద కనిపించదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘ ఈకారం అని ఆరు సంకేతాలు వరుసగా ఉంటాయి. ఆ ఆరింటినీ చూసి, తవత్తును కిందికి దింపి, క్రావడిని చుట్టి, గుడి దీర్ఘాన్ని తలపై నిలిపి ఒకే ఆకృతిగా గీయవలసిన పని వేదికది. ఇంగ్లీషులో ఒక సంకేతానికి ఒక అక్షరం, అది ఉన్నచోటనే ఉంటుంది. తెలుగులో చేయవలసిన పని అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లకు ఇది చేతకాలేదు. తెలుగు పత్రికను తెరిస్తే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాల వరుసలు కనిపించేవి. ఒపేరా మినీ అనే బ్రౌజరులో లోపలి అమరిక ఒకదాన్ని మార్చితే, పేజీలోని తెలుగు అక్షరాలు బొమ్మల రూపంలో వచ్చి చదవడానికి వీలయ్యేది. ఆ కిటుకును తెలుగు పాఠకులు ఒకరికొకరు చెప్పుకొని సంవత్సరాలపాటు నెట్టుకొచ్చారు.

2012లో వెలువడిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడం, మలయాళం అక్షరాలు ఆ వేదికపై కుదురుకొన్నాయి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0లో ఫోను ఆదేశాలన్నీ తెలుగులో చూసుకొనే వీలు కలిగింది. ఐఫోనులో తెలుగు చదవడం అంతకుముందే సాధ్యమైనా, సంస్థ స్వయంగా తెలుగు కీబోర్డును అందించినది 2015లో. దేశంలో అమ్మే ప్రతి ఫోనులో ఇరవై రెండు భారతీయ భాషలు చదవడానికి వీలుండాలని, హిందీ, ఇంగ్లీషులతోపాటు మరొక భారతీయ భాషలో రాయడానికి వీలుండాలని భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో ప్రమాణం నిర్దేశించింది. మార్కెట్టు తనంతట తాను చేయడానికి ఎదురుచూడకుండా ప్రభుత్వం కలుగజేసుకోవడం ఈ విషయంలో మంచిదే అయింది.

2018 ఫిబ్రవరిలో ప్రపంచ పత్రికలన్నీ ఒక తెలుగు అక్షరం గురించి రాశాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. ఐఫోనుకు వచ్చిన సందేశంలో అది ఒక ప్రత్యేక రూపంలో ఉంటే ఆ సందేశాల యాప్ వెంటనే మూసుకుపోయేది, మళ్లీ తెరుచుకొనేది కాదు. సందేశం తెరమీద సూచనగా మెరిస్తే ఫోను మొత్తమే స్తంభించేది. ఆపిల్ గడియారాలు, కంప్యూటర్లు కూడా దీనికి లోబడ్డాయి. ఆకతాయిలు కొందరు దానిని పదిమందికీ పంపి వినోదించారు. మామూలుగా రాసిన ‘జ్ఞానం’ వల్ల ఏ ప్రమాదమూ లేదు. జకారం, పొల్లు, ఞకారాల తరువాత, పక్క అక్షరాలను కలుపవద్దని చెప్పే కంటికి కనిపించని సంకేతం ఒకటి చేరి, ఆపైన దీర్ఘం వచ్చినప్పుడు, ఆ దీర్ఘాన్ని ఎక్కడ నిలపాలో తెలియక వ్యవస్థ కుప్పకూలేది. ఫిబ్రవరి 19న ఆపిల్ మరమ్మతు విడుదల చేసింది.

కొన్ని పత్రికలు ఆ అక్షరాన్ని ‘బాంబు’గా వర్ణించాయి. దోషం అక్షరానిది కాదు. జ్ఞకారం తెలుగు రాతలో వెయ్యేళ్లకు పైగా ఉన్నది. దాన్ని గీయవలసిన యంత్రం నిన్నటిది. కోట్లమంది చేతికి వెళ్లే వ్యవస్థను విడుదలకు ముందు పరీక్షించినప్పుడు, ఏ లిపులలోని వాక్యాలతో పరీక్షించారన్నదే అసలు ప్రశ్న. ఇంగ్లీషులోని ఏ రెండు అక్షరాల కలయికో ఫోన్లను ఆపివేసేదైతే, అది తయారీశాల గడప దాటి వచ్చేదే కాదు. తమ భాషలో రాసిన మాట తమ ఫోనును చెడగొట్టదన్న నమ్మకాన్ని ఎవరూ ఆశల జాబితాలో రాసుకోరు. ఆ నమ్మకం చెడిన రోజునే అది కూడా ఒక ఆశ అని తెలుస్తుంది.

రాయడం విషయంలో జనం ఎన్నుకొన్న దారి భాషాభిమానులు కోరుకొన్నది కాదు. ప్రభుత్వం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు వర్ణమాల క్రమబద్ధంగా ఉన్నది. నేర్చుకొనే ఓపిక కొద్దిమందికే ఉన్నది. ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి, కీబోర్డు మార్చి ఇచ్చిన తెలుగును స్వీకరిస్తున్నారు. ‘ల’, ‘ళ’లలో ఏది కావాలో, ‘శ’, ‘ష’, ‘స’లలో ఏది సరియైనదో యంత్రమే సూచిస్తుంది. తెలిసినవారికి ఇది సౌకర్యం. తెలియనివారికి మొదటి సూచనే ప్రమాణం. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలలో మాట విని రాసే సదుపాయం తెచ్చిన తరువాత మీటల గొడవే తప్పింది. రాయడం రానివారు కూడా సందేశం పంపగలుగుతున్నారు. చూపులేనివారికి తెరను చదివి వినిపించే సాధనాలు రెండు వేదికలలోనూ 2009లోనే వచ్చాయి. ఇటువంటి సాధనం తెలుగు పేజీ దగ్గరకు వచ్చేసరికి మూగబోతే, ఇంగ్లీషు రాని అంధుడికి ఆ ఫోను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కెమెరా గురించి పుటలకొద్దీ రాసే సమీక్షకులు ఈ సంగతిని అరుదుగా ప్రస్తావిస్తారు.

ఐఫోనులోని ఆదేశాలు కూడా తెలుగులోకి వచ్చినది 2025లో. ఆండ్రాయిడ్‌తో పోలిస్తే పదకొండేళ్లు ఆలస్యం. వచ్చిన తెలుగు ఎలా ఉన్నదన్నది మరొక ప్రశ్న. ‘సరే’, ‘తొలగించండి’ వంటి మాటలు తెరమీద చక్కగా అమరాయి. ‘సెట్టింగ్‌లు’ ఇంగ్లీషు మాటగానే ఉండిపోయింది, దాని స్థానంలో ‘అమరికలు’ అని ఉంటే ఎంతమంది గుర్తుపట్టేవారో చెప్పలేము. ఇంగ్లీషు తెరతో అలవాటుపడిన విద్యావంతులు చాలామంది తెలుగు తెరను ఒకసారి తెరిచి చూసి వెంటనే వెనుకకు మార్చుకొంటారు. మొదటిసారి స్మార్ట్‌ఫోను పట్టిన అమ్మమ్మలు, తాతయ్యలు తెలుగు తెరతో మొదలుపెడితే తడబాటు లేకుండా సాగిపోతారు. ఏదో పని తోచక ఆ ఫోనును మనవడి చేతికి ఇచ్చినప్పుడు, తెలుగు మాటలలో తనకు కావలసిన మీట ఎక్కడ ఉన్నదో వెతకలేక, అతడు దానిని ఇంగ్లీషులోకి మార్చి ఇస్తాడు.